పార పట్టిన పరివ్రాజకుడు

గత వేసవిలో ఒకనాటి ఉదయము మా కళాశాల విద్యార్థులు ముప్పదిమంది సూర్యాపేటకు సమీపమున నున్న ఒక పల్లెచెరువు కట్టపై పనిచేయుచుండిరి. తూమునుండి పొలములకు పోవు కాలువ నిండ గుర్రపుడెక్క అల్లుకొని యుండెను. కట్టవాలున సర్కారుతుమ్మ బలిసి మనిషి దూరుటకైనను సందు లేకుండెను. పిల్లలు కొందరు నవ్వుచు, కొందరు చేతులకు ముండ్లు గ్రుచ్చుకొని మూల్గుచు, మొత్తముమీద ఉత్సాహముగనే పూడికను తట్టల కెత్తుచుండిరి. కట్టమీద చింతచెట్టు నీడను కూర్చుండి చాలసేపు చూచిన ఒక వృద్ధ రైతు మెల్లగా లేచి నాయొద్దకు వచ్చి, ఈ పిల్లలు చేయుచున్నది వెట్టియా, లేక తమంతట తాము వచ్చి చేయు పనియా యని అడిగెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. హాజరుపట్టీ నా చేతిలోనే యున్నది.

ఆ ప్రశ్న ఆ వృద్ధుని నోట వచ్చుటలో వింత లేదు. నల్లగొండ సీమలో కూలి లేని పనికి తరతరములుగా ఉన్న పేరు వెట్టి. దేశముఖుల కాలమున చెరువుకట్ట తెగినను, దొర పొలమునకు నీరు కట్టవలసివచ్చినను, అధికారి సామాను మరియొక ఊరికి మోయవలసివచ్చినను, పేదవాడు తన పని విడిచి పోవలసినదే. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు ఊరకనే ఈయవలసినవే. చాకలి, మంగలి, నీరటి మున్నగువా రందరును ఎవరి పని వారు ఊరకనే చేయవలసినవారే. అట్టి సీమలో చెరువు బాగుచేయుదము రండని పిలిచినచో పెద్దల మనస్సున మొదట మెదలునది సేవ కాదు, దొర గడి. స్వచ్ఛందసేవ యను మాట ఈ నేలమీద వేరూనవలె ననిన ఆ పాత జ్ఞాపకమును దాటి రావలసియున్నది. 1951 వేసవిలో ఈ జిల్లా పల్లెలలో కాలినడకను తిరిగిన బక్కపలుచని మనిషి యొకడు ఆ దాటు వేయుటకు యత్నించెను. కూలి కోరని కష్టమునకు వెట్టి యను పేరే కాక మరియొక పేరును కలదని తన జీవితముతో చూపెను. ఆయన చరిత్రను ఉపాధ్యాయులును విద్యార్థులును మరల ఒకసారి తలచుకొనుట మంచిదని ఆనాడు ఆ కట్టమీదనే నాకు తోచినది.

ఆయన ఆచార్య వినోబా భావే. నేటి విద్యార్థులలో పెక్కుమందికి ఆ పేరు పరీక్షకు పనికివచ్చు ఒక తేదీగను, పట్టుచీరలకు ప్రసిద్ధి కెక్కిన ఒక ఊరి పేరుకు ముందు నిలిచిన భూదాన్ అను మాటగను మాత్రమే తెలియును. భూదానమున కాయన వచ్చునాటికి ఏబది యైదేండ్లు నిండినవి. ఆ యేబది యైదేండ్లలో ముప్పది యైదేండ్లు ఆయన చేతిలో చీపురో, పారయో, తిరుగలి పిడియో, రాట్నమో ఉండెను. ఆ భాగమును విడిచి భూదానమును చెప్పుట వేరును విడిచి చెట్టును చెప్పినట్లే యగును.

వినోబా అసలు పేరు వినాయక నరహరి భావే. 1895 సెప్టెంబరు 11వ తేదీన మహారాష్ట్రదేశమున, ఆనాటి కొలాబా జిల్లాలోని గాగోదే యను చిన్న పల్లెలో జన్మించెను. తండ్రి నరహరి శంభురావు బరోడాలో ఉద్యోగి. తల్లి రుక్మిణీదేవి పెద్ద చదువులు చదివినది కాదు. కాని వినోబాకు ఆమెయే తొలి గురువు. తులసిమొక్కకు నీరు పోసివచ్చిన పిదప గాని ఆమె కుమారునకు అన్నము పెట్టెడిది కాదు. పెరటిలో పనసపండు పండినప్పుడు ఇరుగుపొరుగు ఇండ్లకు తొనలు పంచివచ్చిన తరువాతనే పిల్లలు తినవలెను. ఇచ్చువాడు దేవుడనియు దాచుకొనువాడు రాక్షసుడనియు ఆమె చెప్పిన మాటను కుమారుడు వృద్ధాప్యమునందును మరువలేదు. గీతను సంస్కృతమున అర్థము చేసికొనలేని ఆ తల్లి కోరిక కారణముగనే ఆయన తరువాతి కాలమున గీతను మరాఠీ పద్యములుగా రచించెను. ఆ గ్రంథము వెలువడునాటికి ఆమె జీవించి లేదు.

1916 మార్చిలో ఇంటర్మీడియెటు పరీక్షకని బొంబాయికి బయలుదేరిన యువకుడు నడుమ సూరతు స్టేషనులో దిగి కాశీకి పోయెను. అంతకుముందే తన యోగ్యతాపత్రములను తల్లి యెదుటనే పొయ్యిలో వేసి కాల్చివేసెను. పట్టములకై విద్యార్థులను సిద్ధపరచు వృత్తిలో నున్న నేను ఈ ఘట్టమును తరగతిలో చెప్పునపుడు కొంచెము జంకుచుందును. అయినను చెప్పక మానను. ఏలయన ఆయన చదువును కాల్చలేదు, చదువునకు ముద్రవేయు కాగితమును కాల్చెను. చదువు కడపటివరకు సాగుచునే యుండెను.

కాశీలో నుండగా గాంధీజీ హిందూ విశ్వవిద్యాలయమున చేసిన ఉపన్యాసమును గూర్చి వినెను. ఉత్తరములు వ్రాసెను, రమ్మని జవాబు వచ్చెను. 1916 జూన్ 7వ తేదీన అహమ్మదాబాదులోని కోచ్‌రబ్ ఆశ్రమమునకు పోవునప్పటికి గాంధీజీ కూరగాయలు తరుగుచుండెను. దేశనాయకుడు కత్తిపీట ముందర కూర్చుండుట ఆ యువకుడు మునుపెన్నడును చూచి యెరుగడు. గాంధీజీ వానికిని ఒక కత్తి యిచ్చి కూర తరుగుమనెను. బ్రహ్మజిజ్ఞాసకై హిమాలయములకు పోదలచిన వానికి మొదటి పాఠము అది.

ఆశ్రమమున ఆయన తిరుగలి విసరెను, నీరు మోసెను, వంట చేసెను, మగ్గము నేసెను. ఆ దినములలోని ఒక సంగతి తప్పక చెప్పదగినది. ఆశ్రమపు మరుగుదొడ్లు శుభ్రపరచు మనిషి జబ్బుపడగా, అతని చిన్నకుమారుడు ఆ బరువైన బాల్చీని మోయలేక ఏడ్చుచుండెను. వినోబా తమ్ముడు బాలకోబా అది చూచి జాలిపడి, తానా పని చేయుదునని అన్న నడిగెను. అన్న వలదనలేదు, తానును వెంట వచ్చెదననెను. బ్రాహ్మణకుమారులు ఆ పని చేయుట ఆశ్రమవాసులలోనే కొందరికి రుచింపలేదు. గాంధీజీ మాత్రము సంతోషించెను. ఊరి మురికిని ఒక కులమువారి నెత్తిన పెట్టి మిగిలినవారు పరిశుద్ధులమని కూర్చుండు దేశమున, భూమిని గూర్చియు నీటిని గూర్చియు ఎన్ని మాటలు చెప్పినను అవి మాటలే. వినోబా సేవకు మొదలు అక్కడనే.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ ఆజ్ఞపై వార్ధాకు పోయి అచ్చటి ఆశ్రమభారము వహించెను. అనంతరము నాల్వాడి యను హరిజన పల్లెలో నివసించి, రాట్నముపై తాను సంపాదించిన దానితోడనే కడుపు నింపుకొను ప్రయోగము చేసెను. ఫలితముగా దేహము క్షీణించెను. వైద్యము చేయించుకొమ్మని, విశ్రాంతి తీసికొమ్మని గాంధీజీ పట్టుపట్టగా, 1938లో వార్ధాకు కొన్ని మైళ్ల దూరమున ధామ్ నది యొడ్డున నున్న పౌనార్ గ్రామమునకు చేరెను. అచ్చట ఆయన తీసికొన్న విశ్రాంతి యెట్టి దనగా పలుగు పట్టి నేల త్రవ్వుట. మొదట దినమునకు కొన్ని నిమిషములు, క్రమముగా ఎక్కువసేపు. నేల త్రవ్వగా త్రవ్వగా దేహమునకు బలము వచ్చెను. అట్లు త్రవ్వుచుండగా ఒకనాడు మట్టిలోనుండి పాత శిల్ప మొకటి బయటపడెను. శ్రీరాముడును భరతుడును కలిసికొను ఘట్టమది. పౌనార్ ఆశ్రమమున నేటికిని ఆ శిల్పము కలదు. అధికారము చేతికందినను పాదుకలను సింహాసనముపై నుంచి, రాజ్యమును తనది కాని వస్తువుగా కాపాడిన భరతుడు, నేల యెవ్వరి సొత్తును కాదని తరువాత చెప్పబోవు మనిషి పలుగుకే తగులుట చిత్రమైన సంఘటన.

1940 అక్టోబరు 17వ తేదీన గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహమునకు మొదటి సత్యాగ్రహిగా వినోబాను ఎన్నుకొనెను. అంతవరకు దేశమునకు అంతగా తెలియని ఆ పేరు ఒక్కదినములో అందరికిని తెలిసినది. తరువాత చెరసాలలు. 1942 ఉద్యమమున వెల్లూరు చెరసాలలో నుండగా ఆయన దక్షిణదేశపు నాలుగు భాషలను నేర్చుకొనెను. అందు తెలుగును ఒకటి. అప్పటికి తెలుగుపల్లెలతో తనకేమి పని పడునో ఆయనకు తెలియదు.

చెరనుండి వచ్చిన పిదప వినోబా చేసినట్టి ఒక పనిని చరిత్ర పుస్తకములు ఒక వాక్యముతో సరిపుచ్చును. కొన్ని ఆ వాక్యమును గూడ వ్రాయవు. నా దృష్టిలో ఆయన జీవితమునకు అదియే నడిబొడ్డు. పౌనార్‌కు సుమారు మూడు మైళ్ల దూరమున సుర్‌గావ్ అను పల్లె కలదు. 1946 మొదలు గాంధీజీ మరణమువరకు, దాదాపు రెండేండ్లపాటు, ఆయన ప్రతిదినమును పార భుజమున నుంచుకొని ఆ పల్లెకు నడచిపోయెడివాడు. ఊరి దారుల ప్రక్కనున్న మలమును ఎత్తి, గోతులలో వేసి మట్టి కప్పి, మరల నడచి వచ్చెడివాడు. ఎవరును పిలువలేదు. ఎవరును పంపలేదు. సభలు లేవు, ఉపన్యాసములు లేవు. ఎండయైనను వానయైనను ఆ నడక మానలేదు. ఇరువదియేండ్లు, అనగా ఒక తరము పిల్లలు పెరిగి పెద్దవారగువరకు, ఈ పని చేయవలసివచ్చునని లెక్కవేసికొని, అంతకును సిద్ధపడియే ఆయన మొదలుపెట్టెను. మలము మట్టితో కలిసిన యెరువగును. నీటిలో కలిసిన రోగమగును. ఈ చిన్న శాస్త్రము ఊరికి బోధించుటకు ఆయన ఎంచుకొన్న భాష పార.

ఒకనాడు వానలు కురిసి నడుమ నున్న ఏరు పొంగెను. దాటుటకు వీలు లేకపోయెను. ఆవలియొడ్డున నొకడు కనబడగా, ఊరి పాకీవాడు నేడును వచ్చెననియు, ఏరు అడ్డగించుటచే తిరిగిపోయెననియు గుడిలోని దేవునితో చెప్పుమని కేకవేసి వినోబా వెనుదిరిగెను. హాజరు పలుకుట యనగా ఇది. ఎవరి పట్టీలోను ఆయన పేరు లేదు. అయినను ఏటి యొడ్డువరకు వచ్చి హాజరు పలికి పోయెను. వెట్టికిని సేవకును గల భేదము నాకీ కథలో తెలిసినంతగా ఏ నిర్వచనములోను తెలియలేదు. వెట్టివానికి ఏరు పొంగిన దినము సెలవుదినము.

గాంధీజీ నిర్యాణము సుర్‌గావ్ నడకను ఆపినది. కాందిశీకుల సేవకై వినోబా ఉత్తరదేశమునకు పోవలసివచ్చెను. తిరిగి పౌనార్ చేరిన పిదప మరియొక ప్రయోగము మొదలుపెట్టెను. దానికి కాంచనముక్తి యని పేరు. డబ్బుతో నిమిత్తము లేకుండ, పరుల కష్టముపై ఆధారపడకుండ, తమ చేతులతో తామే పండించుకొని బ్రతుకుట దాని యుద్దేశము. ఎద్దులను గూడ ఉపయోగింపక చేతిపనిముట్లతో చేయు సేద్యమునకు ఋషివ్యవసాయమని పేరు పెట్టెను. ఆశ్రమవాసులే బావి త్రవ్విరి. నీరు పడిన పిదప, ఎద్దులు త్రిప్పవలసిన నీటిచక్రమును మనుషులే పట్టి త్రిప్పుచు గీతాశ్లోకములను పాడుకొనిరి. చదువుకొన్న యువకుల చేతులు బొబ్బలెక్కెను. కూరగాయలు మాత్రము పండినవి. దేశమంతయు ఇట్లు బ్రతుకగలదా యని అడిగినవారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉందురు. నా మట్టునకు బ్రతుకలేదనియే తోచును. కాని నేల నడుగువాడు ముందు నేలను త్రవ్వి యుండవలెనని తనకు తాను విధించుకొన్న నియమముగా దానిని చూచినచో ఆ ప్రయోగము వ్యర్థము కాదు.

1951లో హైదరాబాదు సమీపమున శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ఏర్పాటయ్యెను. వినోబా మొదట పోదలచలేదు. మిత్రులు బలవంతపెట్టగా ఒప్పుకొనెను. కాని డబ్బును విడిచినవాడు రైలుటిక్కెట్టు కొనరాదు గదా. మార్చి 8వ తేదీన పౌనార్‌నుండి కాలినడకను బయలుదేరి, సుమారు మూడువందల మైళ్లు నడచి ఏప్రిల్ మొదటివారమున శివరాంపల్లి చేరెను. సమ్మేళనము ముగిసినపిదప ఇంటికి పోవలసినవాడు ఇంటికి పోక, ఏప్రిల్ 15వ తేదీ, శ్రీరామనవమినాడు, హైదరాబాదు చెరసాలలోని కమ్యూనిస్టు బందీలను కలిసికొని మాటాడి, తెలంగాణపు పల్లెలదారి పట్టెను.

ఆనాటి నల్లగొండ జిల్లా స్థితి నేటి విద్యార్థుల ఊహకు అందుట కష్టము. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు, నేటి కోదాడ ప్రాంతము, ఉత్తరమున జనగామ, భువనగిరి సీమలు అన్నియు ఒక్క జిల్లాలోనివే. వేలకొలది ఎకరములు ఒక్కొక్క దేశముఖుని చేతిలో నుండెను. 1946 మొదలు పేద రైతులు వెట్టికిని, అధికధాన్యపు వసూళ్లకును ఎదురుతిరిగిరి. పోరాటము ఆయుధముల వరకు పోయెను. ప్రజలు దొరల భూములను తామే పంచుకొనిరి. 1948 సెప్టెంబరులో నైజాము పాలన కూలినను పోరాటము ఆగలేదు. పగలు సైనికుల భయము, రాత్రి దళముల భయము. దారిన పోవువాడు ఎవరి మనిషియో యని పల్లె పల్లెయును అనుమానించు దినములు. చెరువుకట్టను చూచువాడు లేడు, తూము నెత్తువాడు లేడు. అట్టి సమయమున కొందరు అనుచరులతో, తెల్లవారకమునుపే లాంతరు వెలుగున బయలుదేరి, ఊరూర ఆగుచు ఆయన నడచెను.

ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరెను. ఆ గ్రామము 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఆనాడు నల్లగొండ జిల్లాలోనిది. హరిజనవాడకు పోయి వారి కష్టసుఖములను విచారించెను. తమకు భూమి లేదనియు, ఎనుబది యెకరములు, నలుబది తరి నలుబది ఖుష్కి, దొరికినచో కష్టించి బ్రతుకుదుమనియు వారు చెప్పుకొనిరి. కలిసి దున్నుకొందురా యని వినోబా అడుగగా కలిసియే దున్నుకొందుమని ఒప్పుకొనిరి. ప్రభుత్వమునకు వ్రాయుదమని ఆయన మొదట అనుకొనెను. అంతలో ఎందుకో అక్కడ కూడిన ఊరివారివైపు తిరిగి, ప్రభుత్వముతో పని లేకుండ మీలో ఎవరైన ఈయగలరా యని అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములు ఇచ్చుచున్నానని చెప్పెను. ఎనుబది యడుగగా నూరు వచ్చినవి. ఆ రాత్రి వినోబాకు నిద్ర పట్టలేదు. ఇది ఒక్క ఊరి సంగతియా, దేశమున కంతటికిని దారియా యని ఆలోచించుచు తెల్లవార్చెను. మరునాటినుండి ప్రతి ఊరను భూమి నడుగుట మొదలుపెట్టెను. ఏబది యొక్క దినములలో ఈ తెలంగాణపు పల్లెలు ఆయనకు 12,201 ఎకరములు ఇచ్చినవి.

ఈ విజయమును కీర్తించుచు చాలమంది వ్రాసిరి. నేను మరియొక వైపును గూడ చూపవలసియున్నది. దొరల పిడికిలిని సడలించినది వినోబా మాట మాత్రమే కాదు. అంతకు ముందటి అయిదేండ్ల రైతుల పోరాటము ఆ పిడికిలిని అదివరకే వణికించినది. ఈ మాట అను కమ్యూనిస్టుల వాదములో సత్యము లేకపోలేదు. వినోబాయును తెలంగాణపు అశాంతి తనకు దారి చూపినదని ఒప్పుకొనెను. ఇక వచ్చిన భూములలో ఎన్నియో రాతినేలలు, ఎన్నియో వ్యాజ్యములలో చిక్కినవి. దేశమంతట అయిదుకోట్ల యెకరములు కావలెనని ఆయన సంకల్పము. వచ్చినవి నలుబది లక్షల చిల్లర. వానిలో సేద్యమునకు పనికిరానివి కొన్ని లక్షలు. పనికివచ్చినవియు పేదల చేతికి చేరక చాలకాలము కాగితములపైననే నిలిచినవి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ భూదాన గ్రామదాన చట్టము చేయునప్పటికి 1965వ సంవత్సరము వచ్చినది.

అయినను ఆ యాత్రను భూమి లెక్కతోనే కొలుచుట సరికాదని నా అభిప్రాయము. గాలికిని, వెలుతురునకును, నీటికిని యజమాని లేనట్లే నేలకును యజమాని లేడని ఆయన ఊరూర చెప్పెను. భూమి వలె ఇతరములను గూడ అడిగెను. సంపద గలవారిని సంపత్తిదానము, నీరు లేని చేలకు బావులు త్రవ్వించు కూపదానము, ఏమియు లేనివారిని శ్రమదానము అడిగెను. ఈ కడపటి మాట ఈ సీమ చెవికి క్రొత్తది. వెట్టిలో శ్రమ ఉన్నది, దానము లేదు. ఇచ్చుటకు మొదట అది తనదై యుండవలెను గదా! తన కష్టమునకు తాను యజమాని కానివాడు దానినెట్లు దానము చేయును? ఏమియు లేనివానిని దాతగా నిలువబెట్టిన ఆ మాట, దొర యిచ్చిన నూరెకరములకంటె చిన్నది కాదని నాకు తోచును.

తెలంగాణమునుండి పౌనార్ చేరిన మనిషి అదే సంవత్సరము సెప్టెంబరులో ఢిల్లీవైపు బయలుదేరి, సుమారు పదమూడేండ్లు దేశమంతయు నడచెను. 1952లో ఉత్తరప్రదేశమున మంగ్రోత్ గ్రామస్థులు ఊరి భూమినంతటిని ఊరికే అర్పించిరి. గ్రామదానమునకు అది మొదలు. 1955లో ఒరిస్సానుండి ఆంధ్రదేశమున ప్రవేశించి, మరల తెలుగుపల్లెలలో కొన్ని నెలలు తిరిగి 1956లో తమిళనాటికి పోయెను. 1958లో మెగసేసే బహుమతి ఈయబడిన తొలి సంవత్సరముననే ప్రజానాయకత్వమునకు ఆయన కది లభించెను. 1960లో చంబల్ లోయలో బందిపోట్లు ఆయన ముందు తుపాకులు దించిరి. ఈ సంగతు లన్నియు ప్రసిద్ధములే కనుక విస్తరింపను.

ఇక్కడ మా చెరువుకట్ట మాట మరల చెప్పవలసియున్నది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు పచ్చబడినవి. దూరమునుండి వచ్చు కాలువనీటిని చూచి ఊరి చెరువును మరచినవారును కలరు. నీరటివారి మాన్యములు పోయినవి, నీరటివారును పోయిరి. శిఖము భూమిలోనికి దున్నకములు ప్రాకినవి. వాడపల్లి వద్ద కృష్ణలో కలియు మూసీ, హైదరాబాదు నగరపు మురికిని మోసికొని ఈ సీమ గుండ పారుచున్నది. 2015 మొదలు తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయించినప్పుడు మాత్రము ఒక మంచిపని జరిగినది. ఆ మట్టిని రైతులు తమ ఖర్చులతో తామే చేలకు తోలుకొనిరి. చెరువు లోతైనది, చెలక బలిసినది. ప్రభుత్వపు చేయియు, రైతు చేయియు ఒకే తట్టను పట్టిన సందర్భములు మనకు అంత తరచుగా దొరకవు.

ఆనాడు నేను వృద్ధునకు సూటియైన జవాబు చెప్పలేదు. హాజరుపట్టీని మడచి సంచిలో పెట్టి, చెప్పులు విడిచి కాలువలోనికి దిగితిని. ఏబదియేండ్లు దాటిన నడుము అరగంటకే మొరపెట్టినది. వృద్ధుడు కొంతసేపు చూచి, గుర్రపుడెక్కను తల పట్టి లాగరాదనియు, క్రిందినుండి చుట్టచుట్టినట్లు చుట్టి గట్టునకు దొర్లింపవలెననియు పిల్లలకు చేసి చూపెను. తూము ప్రక్కనున్న రెల్లుపొదను మాత్రము ముట్టవలదనెను. అందులో నీటికోళ్లు గ్రుడ్లు పెట్టునట. మా పాఠ్యప్రణాళికలో ఆ సంగతి లేదు. పదునొకండు గంటలకు నేను పట్టీ తీసి పేర్లు పిలువబోగా, వెళ్లిపోవలసిన పిల్లలలో సగముమంది ఇంకను కాలువలోనే యుండిరి.

వినోబా కడపటి దినములు వివాదము లేనివి కావు. 1975 నాటి అత్యవసర పరిస్థితిలో ఆయన వైఖరి చాలమంది శిష్యులను నొప్పించెను. ఆయనకు ఎంతో ఆప్తుడైన జయప్రకాశ నారాయణుడు అప్పుడు చెరసాలలో నుండెను. ఆ సమయమున ఆయన మరింత స్పష్టముగా మాటాడి యుండవలసినదని నేనును తలంతును. గోరక్షణకై 1979లో నిరాహారదీక్ష పూనెను. 1970 నుండియే క్షేత్రసన్యాసము స్వీకరించి పౌనార్ విడిచి కదలలేదు. అచ్చట 1959లో తాను స్థాపించిన బ్రహ్మవిద్యామందిరమున స్త్రీలే పొలము త్రవ్వి, పండించి, వండుకొని, చదువుకొనుచుండిరి.

ఆ యాశ్రమపు ఆవరణమున డెబ్బది యేండ్లు దాటిన వినోబా ప్రతిదినము కొంతసేపు క్రిందికి వంగి గడ్డిపోచలను, రాలిన ఆకులను, చెత్తను ఒక్కొక్కటిగా ఏరుచుండెడివాడు. చూడవచ్చినవారు కొందరు ఇది ఈ వయస్సున ఏల యనుకొనెడివారు. ఆయనకు అది జపము. జపమాలలో పూస త్రిప్పినట్లు, ఏరిన ఒక్కొక్క పోచకును ఒక్కొక్క నామము. భుజమున పార పెట్టుకొని సుర్‌గావ్‌కు నడచిన కాళ్లు ఇప్పుడు అంతదూరము పోలేవు. ముంగిలి మాత్రము మిగిలినది.

1982 నవంబరులో జబ్బు చేసినప్పుడు మందును, ఆహారమును, నీటిని విడిచెను. ఆ నెల 15వ తేదీ, దీపావళినాటి ఉదయము, పౌనార్‌లో కన్నుమూసెను. మరుసటి సంవత్సరము భారతరత్న బిరుదమును ప్రకటించిరి. నలుబది నాలుగేండ్లకు ముందు ఆయన పలుగు పట్టి త్రవ్విన నేలకు చేరువగా, ధామ్ నది యొడ్డున దహనము జరిగినది.